రెండేళ్లు ఒకే పరుపు మీద పడుకున్నవి, ఇప్పుడు ఒకదాన్నొకటి చూస్తే మీద పడుతున్నాయి

రెండుతోకలు
చుక్కకి ఏడేళ్లు, మిన్నుకి రెండున్నర. రెండూ ఆడకుక్కలే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు ఎప్పుడో అయిపోయాయి. మిన్ను మూడు నెలల పిల్లగా ఇంటికొచ్చిన రాత్రి నుంచి చుక్క పొట్టకి ఆనుకునే పడుకునేది. ఒకే గిన్నెలో నీళ్లు, ఒకే పరుపు. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఒకదానికొకటి పళ్లు చూపించుకోలేదు.

పోయిన గురువారం నేను పని నుంచి వచ్చి తాళం తీశాను. రెండూ ఎప్పటిలాగే గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చాయి. అంతే, చుక్క మిన్ను మెడ పట్టుకుంది. ఆ అరుపులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తే విడిపోయాయి. ఏదో పొరపాటులే అనుకున్నా. శనివారం సోఫా దగ్గర మళ్లీ. నిన్న కాలింగ్ బెల్ మోగగానే మూడోసారి, ఈసారి మొదలుపెట్టింది మిన్ను. మిన్ను చెవి చిరిగింది. మధ్యలో చెయ్యి పెట్టినందుకు నా అరచేతికి రెండు గాట్లు.

డాక్టర్‌కి చూపించిన చోట "రెండు ఆడకుక్కలకి ఒకసారి చెడితే ఇంక కలవవు, ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు. రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఏ కారణమూ లేకుండా ఇలా అవుతుందా? ఒకటి పడగ్గదిలో, ఒకటి హాల్లో. తలుపుకి అటు ఒకటి, ఇటు ఒకటి ఏడుస్తున్నాయి. మధ్యలో నేను.

గేటుకాపరి
కుక్కల సంగతి తర్వాత. ముందు మీ చెయ్యి. సబ్బు పెట్టి పంపు కింద 15 నిమిషాలు కడిగారా? సొంత కుక్కే కదా అని వదిలెయ్యొద్దు.

రెండుతోకలు
కడిగాను. డాక్టర్ చూసి ఇంజెక్షన్ కూడా మొదలుపెట్టారు. కుక్కలు రెండింటికీ రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాను, ఈ ఏడాదిది నాలుగు నెలల క్రితం అయింది.

నల్లపిల్లి
మా ఇంట్లో రెండు పిల్లులు తొమ్మిదేళ్లుగా ఒకదాన్నొకటి అసహ్యించుకుంటున్నాయి. అందులో సడన్ అనేది ఏమీ లేదు, మొదటి రోజు నుంచీ అంతే. ఒక రకంగా అదే నయం.

సింహంబావ
సింపుల్. ఇది కుర్చీ కోసం కొట్లాట. పెద్దది ముసలిదవుతోంది, చిన్నది దాని స్థానం లాక్కోవాలని చూస్తోంది. ఇంట్లో లీడర్ ఎవరో మీరు చూపించలేదు కాబట్టి అవే తేల్చుకుంటున్నాయి. ఈసారి ఏది మొదలుపెడితే దాన్ని వెల్లకిలా పడేసి, లొంగేదాకా అదిమి పట్టండి. రెండుసార్లు చేస్తే సెట్ అవుతుంది. పదిహేనేళ్లుగా కుక్కలు పెంచుతున్నా.

అరుగుమీద
@సింహంబావ దయచేసి ఈ సలహా ఇవ్వకండి. ఆమె చేతికి ఇప్పటికే రెండు గాట్లు ఉన్నాయి, మూడోది మొహం మీద పడుతుంది. ఒళ్లంతా బిగుసుకుని ఉన్న కుక్కని కింద పడేసి అదిమితే దానికి అర్థమయ్యేది "నా ప్రాణం మీదకొచ్చింది" అనే.

ఈ లీడర్ కథ ఎక్కడ మొదలైందంటే, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో ఉన్న తోడేళ్లని చూసి రాసినదాంట్లో. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని ఒక చోట కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి? దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, 1999లో ఆ మాట సరికాదని రాశాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. మన ఇంట్లో ఉన్నవి తోడేళ్లు కూడా కావు.

సింహంబావ
పుస్తకాలు చదివి కుక్కల్ని పెంచితే ఇలాగే ఉంటుంది. మా తాతకి ఏ శాస్త్రవేత్త చెప్పాడు?

అరుగుమీద
మీ తాతగారి కుక్కలు పగలంతా బయట తిరిగేవి. పడకపోతే ఒకటి అటు పోయేది, ఒకటి ఇటు పోయేది. వీటికి పోవడానికి ఉన్నది పడగ్గది, వంటగది.

నల్లపిల్లి
మా ఇంట్లో లీడర్ ఎవరో నాకు తెలుసు. ఇప్పుడు కీబోర్డ్ మీద కూర్చుని ఉందిdddddd

తెల్లకోటు
పశువైద్యంలోనే ఉంటాను. ఇంటర్నెట్‌లో రోగం తేల్చను, ప్రశ్నలు మాత్రం అడుగుతాను. రెండేళ్లు సవ్యంగా ఉన్న జంట వారం లోపు మూడుసార్లు కొట్టుకుందంటే నేను మొదట చూసేది పెత్తనం కాదు, ఒళ్లు. ఎక్కడో నొప్పి ఉందా అని.

చుక్క మెట్లు ఎక్కేటప్పుడు ఆగుతోందా? పడుకుని లేచినప్పుడు మొదటి నాలుగడుగులు ఎలా వేస్తోంది? ఒక వైపే నములుతోందా? చెవులు గోక్కోవడం, తల విదిలించడం ఉందా? పిలిస్తే వెంటనే తిరుగుతోందా? రాత్రి పూట ఊరికే తిరుగుతోందా? సోఫా మీదకి ఇదివరకటిలా ఎక్కుతోందా? ఎలా కూర్చుంటోంది? కుదిరితే కూర్చున్న ఫోటో ఒకటి పెట్టండి.

ఇంకోటి, ఇది మీ గురించి కాదు, చదివేవాళ్లందరికీ. టీకా లేని కుక్క ఉన్నట్టుండి మారిపోయి మీద పడితే రేబిస్ సంగతి ముందు ఆలోచించాలి. దగ్గరికి వెళ్లకుండా గదిలో మూసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

గేటుకాపరి
మాది వేరే కథ, కానీ "కారణం లేకుండా" అన్న మాట చూసి రాస్తున్నా. రెండు మగవి, అన్నదమ్ములు. గేటు బయట ఏ కుక్క పోయినా రెండూ గేటు మీద పడి మొరిగేవి. ఒక రోజు బయట కుక్క ఆగి వీటి వైపు చూస్తూ నిలబడింది. మా పెద్దాడు గేటు దాటి పోలేక, ఆ ఊపులో పక్కకి తిరిగి తమ్ముడి దవడ పట్టుకున్నాడు. అరనిమిషం ముందు వరకు ఇద్దరూ ఒకే పార్టీ! ఎవరి మీదో ఉన్న కోపం పక్కనున్నవాడి మీద పడింది. ఆఫీసులో బాస్ తిడితే ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తాం చూడండి, అది.

గేటుకి రేకు కొట్టించి బయట కనపడకుండా చేశాం. అదొక్కటే చేశాం. మళ్లీ కొట్టుకోలేదు.

రెండుతోకలు
@తెల్లకోటు మెట్లు మాకు లేవు. చెవులు శుభ్రంగానే ఉన్నాయి. తిండి బాగా తింటోంది. సోఫా ఎక్కడం ఈ మధ్య తగ్గించింది, ఎండలకి నేల చల్లగా ఉందని కింద పడుకుంటోందని అనుకున్నా. కూర్చోవడం అంటారా, అది ఎప్పుడూ స్టైల్‌గానే కూర్చుంటుంది, ఒక కాలు పక్కకి చాచి. మేం దాన్ని మేడం గారు అంటాం. ఫోటో పెట్టాను చూడండి.

తెల్లకోటు
ఎప్పుడూ అంటే ఎప్పటి నుంచి? ఏడాది క్రితం ఫోటో ఉంటే అదీ పెట్టండి.

రెండుతోకలు
...ఇప్పుడే ఫోన్‌లో వెతికాను. ఏడాది క్రితం ఫోటోల్లో రెండు కాళ్లూ సమానంగా మడిచి కూర్చుంది. చాచి కూర్చోవడం మొదటిసారి కనపడేది మూడు నెలల క్రితం ఫోటోలో. ప్రతి ఫోటోలోనూ ఎడమ కాలే.

తెల్లకోటు
ఎడమ వెనక కాలి మోకాలు చూపించండి. మోకాలి లిగమెంటు, అంటే ఎముకల్ని పట్టి ఉంచే నార, కొద్దికొద్దిగా తెగుతున్న కుక్కలు మోకాలు పూర్తిగా మడవలేక అలా పక్కకి పెట్టుకుని కూర్చుంటాయి. తుంటి సమస్య కూడా కావచ్చు, వేరేది కావచ్చు, చెయ్యి పెట్టి చూడకుండా చెప్పలేం. కుక్కల్లో ఈ లిగమెంటు మనుషుల్లో ఆటలాడేటప్పుడు తెగినట్టు ఒక్కసారే తెగడం తక్కువ. నెలల తరబడి పీచులు పీచులుగా అరిగి తెగుతుంది. కాబట్టి కుయ్యోమని అరవదు, కుంటినా నాలుగడుగులకి సర్దుకుంటుంది.

ఇంట్లో ఉన్న మన మాత్రలు మాత్రం వెయ్యకండి. ఐబుప్రోఫెన్ కుక్కలకి విషం, పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

చిలకమ్మ
అయ్యో మేడం గారు 😢

రెండున్నరకుక్కలు
ఇచ్చేయమన్న ఆ డాక్టర్ ఆడవాటి గురించి చెప్పినదాంట్లో కొంత నిజం ఉందండీ, తీసిపారేయడానికి లేదు. 2011లో అమెరికాలో ఒకే ఇంట్లో కొట్టుకునే 38 జతల మీద ఒక అధ్యయనం వచ్చింది. అందులో 30 జతలు ఒకే లింగానివి, ఎక్కువ జతల్లో ఆడవి ఉన్నాయి. మొదలుపెట్టేది ఎక్కువగా ఇంటికి తర్వాత వచ్చిందీ, వయసులో చిన్నదీ. మనుషుల దృష్టి, తిండి, ఉత్సాహం, దొరికిన వస్తువు, ఇవే కారణాలు. కానీ "ఇంక కలవవు" అన్నది అందులో లేదు. శిక్షణతో చాలా జతల్లో గొడవలు తగ్గాయి.

మీ ఇంట్లో చూస్తే తిరగబడి ఉంది. మొదలుపెట్టింది పెద్దది, ముందు నుంచి ఉన్నది. అందుకే నాకూ నొప్పి మీదే అనుమానం.

మా సంగతి చెప్తా. మా చిన్నది ఎదకి వచ్చి వెళ్లిన రెండు నెలలకి ఒక పాత సాక్సు నోట్లో పట్టుకుని మంచం కింద దూరింది. దానికి పాలు కూడా వచ్చాయి. ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంట, కడుపు లేకపోయినా ఉన్నట్టు. ఆ సాక్సు దాని పిల్ల! పెద్దది మంచం పక్క నుంచి నడిచినందుకు మూతి చీరేసింది. మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. వెంటనే ఆపరేషన్ చేయించేద్దాం అంటే, పాలు ఉన్నప్పుడు చేస్తే ఆ లక్షణాలు ఇంకా సాగవచ్చు, ఆగమని చెప్పారు. ఆగి చేయించాం.

నల్లపిల్లి
ఆ సాక్సు ఏమైంది?

రెండున్నరకుక్కలు
పై చదువులకి వెళ్లింది.

ఊరకుక్కఅమ్మ
విడదీయడం గురించి ఎవరూ రాయలేదు. మెడ పట్టీ పట్టుకోవడానికి చెయ్యి పెట్టకండి, అందరం అక్కడే దెబ్బ తింటాం. ఇద్దరు మనుషులుంటే చెరో కుక్క వెనక కాళ్లు ఎత్తి వెనక్కి లాగాలి.

గేటుకాపరి
@ఊరకుక్కఅమ్మ పళ్లు దిగి ఉన్నప్పుడు లాగితే చర్మం చీలిపోతుంది. మా తమ్ముడి దవడ అలాగే చీలింది. పైగా ఇంట్లో ఒక్కరే ఉంటే? ఒకదాన్ని లాగితే రెండోది దాని మీద పడుతుంది. కుర్చీయో, అట్టముక్కో, తలుపు రెక్కో మధ్యలోకి తొయ్యడం మేలు. మందపాటి దుప్పటి మీద వేసినా కొన్ని ఆగుతాయి. ఆమె చేసినట్టు నీళ్లు కూడా.

ఊరకుక్కఅమ్మ
నిజమే, పట్టు వదిలే వరకు ఆగి లాగాలి. అది రాయడం మర్చిపోయా.

గాట్ల గురించి కూడా. పైకి పెసరగింజంత చిల్లు కనిపిస్తుంది, లోపల తోలుకీ కండకీ మధ్య ఊడి ఉంటుంది. రెండు మూడు రోజులకి చీము గడ్డ. మిన్ను మెడ చుట్టూ బొచ్చు పాయలు తీసి వేళ్లతో తడిమి చూడండి. చెవి కనపడుతోంది కదా అని చెవికి మందు రాసి మెడ వదిలేస్తాం.

రెండుతోకలు
ఇప్పుడే చూశాను. మెడ కింద రెండు చిల్లులు, బొచ్చు అతుక్కుపోయి ఉంది. అసలు గమనించలేదు. రేపు పొద్దున రెండింటినీ తీసుకెళ్తున్నా, వేరే చోటికి.

అరుగుమీద
వేర్వేరుగా తీసుకెళ్లండి. కారులో వెనక సీటు మీద రెండూ కలిపి మాత్రం వద్దు.

చీకటిగది
నాకు అందరి ఉత్సాహం చూస్తే కొంచెం భయమేస్తోంది. నొప్పి తగ్గితే అంతా సర్దుకుంటుంది అన్నట్టు రాస్తున్నారు. మాకు సర్దుకోలేదు. అక్కాచెల్లెళ్లు, ఒకే కాన్పువి. పదునాలుగు నెలలకి మొదలైంది. మందులు వాడాం, ట్రైనర్‌ని పెట్టాం, ఏడాదిన్నర ఇంట్లో తలుపులు మూసుకుంటూ తెరుచుకుంటూ బతికాం. ఒక రోజు మా అబ్బాయి తలుపు గడియ వెయ్యడం మర్చిపోయాడు. చిన్నదానికి పద్దెనిమిది కుట్లు. వాడు ఇప్పటికీ దాని గురించి మాట్లాడడు.

చిన్నదాన్ని మా ఆడపడుచు వాళ్లింటికి పంపేశాం. అక్కడ ఒంటరిగా రాణిలా ఉంది. ముందే పంపాల్సింది అనిపిస్తుంది. ఇచ్చేయడం అంటే పాపం చేసినట్టు ఇక్కడ ఎవరూ మాట్లాడొద్దని నా మనవి.

చిలకమ్మ
@చీకటిగది ఎవరూ అలా అనలేదు కదండీ.

చీకటిగది
అన్నారు. ఇక్కడ కాదు, వేరే చోట. చాలామంది.

అరుగుమీద
చీకటిగది గారు చెప్పింది సరైనదే. పైపైన చప్పుడు ఎంత ఉంది అని కాదు, గాయం ఎంత ఉంది అని చూడాలి. ఇయాన్ డన్బార్ అనే పశువైద్యుడు కాట్లని ఆరు స్థాయిలుగా విడగొట్టాడు. పళ్లు తగలకపోతే ఒకటి, తగిలి చర్మం తెగకపోతే రెండు, గాటు కోరపన్నులో సగం కంటే లోతు లేకపోతే మూడు, లోతుగా దిగి పట్టి విదిలిస్తే నాలుగు, అలా పైకి. మనుషులని కరిచినప్పటి కొలత అది, కుక్కల గొడవలకీ వాడుతుంటారు. వంద సార్లు గొడవపడి ఒక్క గాటు కూడా పెట్టుకోని జంటకి నేను ఆశ వదులుకోను. మూడుసార్లకే కుట్లు పడే జంట వేరు.

రెండుతోకలు
హాల్లో కెమెరా ఉంది. గుర్తే లేదు నాకు. గురువారం వీడియో ఇప్పటికి పదిసార్లు చూశాను.

పైన నేను "రెండూ పరిగెత్తుకొచ్చాయి" అని రాశాను. అబద్ధం. చుక్క పరిగెత్తలేదు. తాళం చప్పుడుకి మిన్ను ఎగిరి లేచింది. చుక్క ముందు కాళ్ల మీద లేచి, కాసేపు ఆగి, అప్పుడు వెనక భాగం ఎత్తింది. ఎడమ కాలి వేళ్లు నేలకి అలా తగిలించి నిలబడింది, బరువంతా కుడి కాలి మీదే. సోఫా మూలకీ గోడకీ మధ్య సందులో ఉంది అది. మిన్ను గంతులేస్తూ వెనక్కి తిరిగి దాని తుంటికి గుద్దుకుంది. చుక్క కదల్లేదు. తోక ఆగిపోయింది. తెరిచి ఉన్న నోరు మూసుకుంది. ముక్కు ఒకసారి నాకి మొహం గోడ వైపు తిప్పింది. మిన్ను రెండోసారి వచ్చి అదే చోట గుద్దింది. చుక్క తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పింది, ఆ తెల్లగుడ్డు కెమెరాలో కూడా కనిపిస్తోంది. అప్పుడు నేను లోపలికి వచ్చి "ఏయ్ నా బంగారాలు" అన్నాను. మిన్ను మూడోసారి ఎగిరింది.

మొత్తం పదకొండు సెకన్లు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్నాను.

పాత వీడియోలు కూడా చూశాను. మూడు వారాలుగా రాత్రి మిన్ను వచ్చి ఆనుకోగానే చుక్క లేచి నేల మీదకి వెళ్లి పడుకుంటోంది. ఎండలకి కాదు.

తెల్లకోటు
ఈ పోస్ట్ మా క్లినిక్ గోడకి అంటించాలనిపిస్తోంది. ఆ వీడియో రేపు డాక్టర్‌కి చూపించండి. నోటితో చెప్పడం కన్నా ఎంతో మేలు. క్లినిక్‌లో భయంతో కుక్కలు కుంటడం కూడా మానేస్తాయి.

అరుగుమీద
ఆ ముక్కు నాకడం, మొహం తిప్పుకోవడం, అవే దాని మాటలు. అది "జరుగు తల్లీ" అని మూడుసార్లు అంది. ఇదివరకు ఎప్పుడైనా చుక్క మిన్ను మీద గుర్రుమందా? మీరేం చేశారు?

రెండుతోకలు
రెండు నెలల క్రితం ఒకటి రెండుసార్లు. "చుక్కా, తప్పు, చిన్నది కదా" అని కసిరాను. తర్వాత అనలేదు. బుద్ధొచ్చిందనుకున్నా.

అరుగుమీద
మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, నేనూ చేశాను అదే. గుర్రుమనడం అంటే అది మర్యాదగా చెప్పడం. దాన్ని కసిరి నోరు మూయిస్తే ఇక నేరుగా పళ్లతోనే చెబుతుంది.

సింహంబావ
సరే, వీడియో చూసి వెనక్కి తగ్గుతున్నా. నొప్పి ఉన్న కుక్కని అదిమితే తప్పే. కానీ మూడోసారి చిన్నది ఎందుకు మొదలుపెట్టింది? దానికి నొప్పి లేదు కదా.

తెల్లకోటు
మంచి ప్రశ్న. దానికి భయం. బెల్ మోగితే, మనిషి వస్తే, ఆ గుమ్మం దగ్గర మెడ మీద పడ్డారు అని దానికి గుర్తుంది. చుక్క కాస్త బిగుసుకోగానే ఇంక ఆగలేదు, తానే ముందు దూకింది. పైగా మూడు గొడవలు ఆరు రోజుల్లో అయ్యాయి, ఒక దాని టెన్షన్ దిగకముందే ఇంకోటి. కాబట్టి మోకాలు బాగైనంత మాత్రాన ఇది పోదు. రెండు రోగాలకి రెండు వైద్యాలు.

మధ్యాహ్నంనిద్ర
మాది పద్నాలుగేళ్ల ముసలాడు. కొడుకు లాంటి కుక్క పక్క నుంచి వెళ్తే కరిచాడు. పెత్తనం పెత్తనం అని ఇంట్లో అందరూ అన్నారు. చూపు పోయింది పాపం. చీకట్లో ఎవరు తగిలారో తెలియక కరిచాడు. చిన్నోడి పట్టీకి చిన్న గంట కట్టాం. గొడవలు ఆగాయి. పోయిన ఏడాది వెళ్లిపోయాడు. గంట చిన్నోడికి ఇంకా ఉంది, తియ్యబుద్ధి కాలేదు.

రెండుతోకలు
మత్తు ఇచ్చి మోకాలు కదిపి చూశారు, ఎక్స్‌రే తీశారు. ఎడమ మోకాలి లిగమెంటు సగానికి పైగా పోయింది, కీలులో నీరు చేరింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. రెండో కాలికి కూడా ముందు ముందు రావచ్చు, బరువు నాలుగు కిలోలు తగ్గించమన్నారు. నొప్పి మందు మొదలైంది. మిన్ను మెడ గాయం శుభ్రం చేసి కుట్టకుండా వదిలారు, చీము పట్టకుండా.

మూడు నెలలు అది నొప్పితో ఉంటే మేం మేడం గారు అని ఫోటోలు తీసుకున్నాం.

చిలకమ్మ
మీరు కాబట్టి కెమెరా తీసి చూశారు. మేమైతే ఏదో ఒకదాన్ని ఇచ్చేసేవాళ్లం.

రెండున్నరకుక్కలు
ఆపరేషన్ తర్వాత ఎలాగూ చుక్కకి విశ్రాంతే కాబట్టి వాటిని కలిపే పని అప్పటిదాకా పెట్టుకోకండి. ఈలోపు మిన్నుకి మూతి బుట్ట అలవాటు చెయ్యండి. జాలీ లాంటిది, నోరు తెరిచి నీళ్లు తాగగలిగేది. బుట్ట అడుగున దానికి ఇష్టమైనది రాసి మూతి అదే పెట్టేలా. మొదటి వారం పట్టీ బిగించనేవద్దు. గొడవ రోజున బలవంతంగా తొడిగితే దాన్ని చూసినప్పుడల్లా గొడవే గుర్తొస్తుంది.

అరుగుమీద
హాల్‌కీ పడగ్గదికీ మధ్య గేటు, దాని మీద దుప్పటి. మొదట వాసన మాత్రమే, చూపు వద్దు. పరుపులు మార్చి మార్చి వెయ్యండి. తర్వాత బయట నడక, ఇద్దరు మనుషులు, రోడ్డుకి అటు ఒకటి ఇటు ఒకటి, ఒకే దిక్కుకి. ఎదురెదురుగా ఎప్పుడూ వద్దు. రెండోది కనపడగానే నోట్లో ఏదైనా పడాలి, కనుమరుగైతే ఆగాలి. ఇంట్లో కలిపేది అన్నిటికంటే ఆఖరున. గుమ్మం దగ్గర పలకరింపులు పూర్తిగా బంద్. ఇంటికి రాగానే "నా బంగారాలు" వద్దు, ముందు చెప్పులు విప్పుకోండి 🙂

సింహంబావ
గేటు గురించి నాకు తెలిసింది ఒకటి చెప్తా, ఇది తాత చెప్పింది కాదు. పిల్లల కోసం అమ్మే పొట్టి గేటు పెట్టకండి. మా వాడు ఒక్క గెంతులో దాటాడు. భుజం ఎత్తుకి పైన ఉండాలి, గోడకి స్క్రూలతో బిగించాలి. నొక్కి నిలబెట్టేవి కుక్క గుద్దితే ఊడి వస్తాయి. రాత్రి పూట గేటుతో పాటు తలుపు కూడా మూయాలి.

అరుగుమీద
@సింహంబావ పూర్తిగా ఒప్పుకుంటున్నా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా, మళ్లీ ఇలాంటి రోజు రాదు.

చీకటిగది
గడియ. రెండు గడియలు. ఇంట్లో అందరికీ చెప్పండి, పిల్లలకి ముఖ్యంగా.

మధ్యాహ్నంనిద్ర
ఏమైందండీ? నెల దాటింది.

రెండుతోకలు
ఆపరేషన్ అయి ఐదు వారాలు. చుక్క నాలుగు కాళ్ల మీద నిలబడుతోంది. మిన్ను మూతి బుట్ట చూస్తే తోక ఊపుతూ మూతి చాపుతోంది, అదేదో బహుమతి అయినట్టు. దుప్పటి సగం ఎత్తాం. పోయిన వారం తొందరపడి పూర్తిగా ఎత్తేశాను. మిన్ను వీపు మీద బొచ్చంతా లేచింది. మళ్లీ దించేసి మూడు రోజులు ఆగాను. మిన్నుకి భయం తగ్గడానికి మందు కూడా రాశారు, పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట.

చీకటిగది గారూ, గడియలు మూడు పెట్టాను.

చీకటిగది
🙏

ఊరకుక్కఅమ్మ
దుప్పటి వేళ్లతో కొలిచి ఎత్తండి. రోజుకి రెండు వేళ్లు. నేను నవ్వులాటకి అనడం లేదు.

రెండుతోకలు
పదో వారం. దుప్పటి తీసేశాం. నడకకి రెండూ ఒకే వైపు వెళ్తున్నాయి, మధ్యలో మేం ఇద్దరం. ఇంట్లో ఇంకా గేటుకి అటు ఇటే. కలుపుతామో లేదో తెలీదు, డాక్టర్ కూడా తొందరేం లేదన్నారు.

ఇవాళ పొద్దున మిన్ను గేటు చువ్వల మధ్య నుంచి ముక్కు దూర్చింది. చుక్క అవతల కూర్చుని ఉంది, రెండు కాళ్లూ సమానంగా మడిచి. వచ్చి వాసన చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. చుక్క మొహం పక్కకి తిప్పుకుంది. మిన్ను ముక్కు వెనక్కి తీసుకుని రెండడుగులు జరిగి పడుకుంది. జరగమంటే జరిగింది!

నల్లపిల్లి
అభినందనలు. మా వాటి గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా, ఇంకా మాటల్లేవు.